అమ్మవారి ఎడమకన్ను

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నందిగామ ప్రభుత్వాసుపత్రికి క్లినికల్ సైకాలజిస్టుగా వేశారు. వారానికోసారి జగ్గయ్యపేట వెళ్ళి అక్కడి ఆసుపత్రిలోనూ ఓపీ చూడాలి. సైకాలజిస్టు మందులు రాయకూడదు. ఆ అధికారం సైకియాట్రిస్టుది. ఆయన పంపిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించడం, పరీక్షలు పెట్టడం, నివేదిక రాయడం వరకే నా పని. మొదటి రోజే మా నర్సు, "మాట్లాడించినందుకు కూడా జీతమిస్తారా అండీ?" అని అడిగింది. ఇస్తారమ్మా, నువ్వు కాసేపు మాట్లాడకుండా ఉంటే ఇంకాస్త ఎక్కువిస్తారు, అన్నాను. ఆ తర్వాత మేమిద్దరం బాగానే కలిసిపోయాం.

జగ్గయ్యపేట ఓపీకి ఎక్కువగా క్వారీల వాళ్ళు, సిమెంటు లారీల డ్రైవర్లు వచ్చేవారు. నిద్ర పట్టడం లేదనేవారు కొందరు, తాగుడు మానలేకపోతున్నామనేవారు కొందరు. వాళ్ళ మధ్య ఓ రోజు సాంబయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, గోళ్ళ సందుల్లో పసుపు రంగు. వెంట భార్య కోటేశ్వరమ్మ ఉంది. వృత్తి ఏమిటని అడిగితే, "అమ్మవార్లకు రంగులేస్తానండి" అన్నాడు.

ఆ వైపు కొన్ని ఊళ్ళవాళ్ళు తమ అమ్మవారి కొయ్య విగ్రహానికి కొన్నేళ్ళకోసారి కొత్త రంగులు వేయిస్తారు. డప్పులతో తెచ్చి చిత్రకారుడికి అప్పగిస్తారు, పూర్తయ్యాక ఊరేగింపుగా తీసుకెళ్తారు. కంటిపాపలు చిట్టచివర దిద్దాలి. దిద్దేవాడు ముఖం కేసి సూటిగా చూడకూడదు. పక్కకు తిరిగి, ఇంటి ఆడమనిషి పట్టిన అద్దంలో చూస్తూ కుంచె ఆనించాలి. అమ్మవారి తొలిచూపు అద్దం మీదే పడాలి, మనిషి తట్టుకోలేడని నమ్మకం.

"కుడికన్ను దిద్దేదాకా చెయ్యి బానే ఉంటది మేడం. ఎడమకన్ను కాడికొచ్చేసరికి బిగుసుకుపోద్ది. కుడిది చెరిపేసి మళ్ళీ మొదలెడతన్నా" అన్నాడు. విజయవాడలో నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి లోపం లేదన్నాడు. తల్లి పోయి ఏడాది తిరక్కుండా కుంచె పట్టాడు కాబట్టి అమ్మవారికి కోపం వచ్చిందని చుట్టాలు తేల్చారు. అమ్మవారి ఊరి పెద్దలు శుక్రవారం దాకా చూస్తామన్నారు. ఆలోగా కళ్ళు తెరిపించకపోతే వేరే చిత్రకారుణ్ణి పిలుస్తారు. ఒకసారి చెయ్యి మారితే ఆ అమ్మవారు మళ్ళీ సాంబయ్య గడప తొక్కదు. తాతలనాటి పని అది.

ముందు కాగితమిచ్చి గీయమన్నాను. ఎద్దు కన్ను గీశాడు, చేప కన్ను గీశాడు, నా కళ్ళే గీశాడు, అదీ నాకంటే అందంగా. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. దీన్ని మా భాషలో కన్వర్షన్ అంటారు. మనసు మోయలేనిదాన్ని ఒంటి మీదికి నెట్టేస్తుంది. నటన కాదది. ఏమిటా మోయలేనిదన్నది కనిపెట్టాలి.

కోటేశ్వరమ్మను బయట కూర్చోమని, మీ అమ్మ ఎలా పోయిందని అడిగాను.

"ప్రాణం పోయాక కళ్ళు నేనే మూశా మేడం. కుడిది మూసుకుంది. ఎడమది రెప్ప నిలవలా. దించేకొద్దీ లేచేది. అందరూ చూస్తన్నారని గట్టిగా నొక్కిపెట్టా. అమ్మ ఇంకా చూస్తానంటంటే నేనే బలవంతాన మూసేశా."

ఏ చేత్తో అని అడిగాను. కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. చూపిస్తుండగానే ఆ వేళ్ళు నా కళ్ళ ముందే కొయ్యలా బిగుసుకున్నాయి. ఎన్నో ఏళ్ళ సర్వీసులో అలాంటిది చూడలేదు.

చదువుకునే రోజుల్లో మాకొక పాఠం ఉండేది. మనిషి మనసులో సొంత జ్ఞాపకాల అడుగున ఇంకో పొర ఉంటుందని, అది మనం సంపాదించింది కాదని, మనుషులందరికీ ఉమ్మడి ఆస్తి అని. దాన్ని సామూహిక అచేతనం అంటారు. అందులో ఉండే అచ్చులు మూలరూపాలు. అన్నిటికంటే పెద్ద అచ్చు అమ్మది. కన్నతల్లి, భూదేవి, ఊరి దేవత అందరూ ఆ అచ్చులో పోసినవాళ్ళేనట. ఆ పాఠం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ నమ్మలేదు. కొలతకందనిదాన్ని నమ్మే గుణం నాకు లేదు. కానీ సాంబయ్య చేతికి తన తల్లికీ అమ్మవారికీ తేడా తెలియలేదు. ఆ చెయ్యి ఏ పుస్తకమూ చదవలేదు.

మా పద్ధతి ప్రకారం ఆ సంగతి అతని చేత మళ్ళీ మళ్ళీ చెప్పించాను. ఏడిస్తే ఏడవనిచ్చాను. రెప్ప నిలవకపోవడం ఒంటి ధర్మమని, చాలామందికి అలాగే జరుగుతుందని చెప్పాను. వేళ్ళు మెల్లగా సడలాయి. అప్పుడు అద్దం ఎవరు పడుతున్నారని అడిగాను. "ఎప్పుడూ మా అమ్మే పట్టేది. ఇప్పుడు మేకుకు తగిలిస్తన్నా" అన్నాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. తలుపు అవతల అంతా వింటూనే ఉందేమో, కోటేశ్వరమ్మ లోపలికొచ్చేసింది. "నేను సచ్చానా? ఇన్నేళ్ళు అత్త పక్కన కూకొని రంగులు నూరలా? నన్నడగడానికి నీకు నోరు రాలా?" అని కడిగి పారేసింది. నా వైద్యం కంటే ఆ తిట్లే బాగా పనిచేశాయేమో.

శుక్రవారం పొద్దున వాళ్ళు రంగులేసే కొట్టానికి వెళ్ళాను. రోగి ఇంటికెళ్ళి చూసి రావడం మా విధుల్లో ఉంది. ఊరివాళ్ళు తెర అవతల డప్పులతో కాచుకున్నారు. కోటేశ్వరమ్మ అద్దం పట్టింది. కుడికన్ను తేలిగ్గా అయిపోయింది. ఎడమకన్ను దగ్గర కుంచె గాలిలో ఆగింది. సాంబయ్య చిన్నపిల్లాడిలా, "చూడమ్మా, నీకెంతసేపు కావాలంటే అంతసేపు చూడు" అన్నాడు. కుంచె ఆనింది.

తెర తీశారు. డప్పులు మోగాల్సింది, మోగలేదు. ముందు వరసలో ఓ ముసలమ్మ, "అచ్చం మా అమ్మ చూసినట్టే ఉందే!" అంది. వెనక నుంచి ఆటోవాడొకడు, "మా అమ్మ కూడా ఇట్టాగే చూసేది" అన్నాడు. డప్పులవాళ్ళలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతమందికీ ఒకే తల్లా అని నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తలెత్తి అమ్మవారి కళ్ళలోకి చూశాను.

నన్ను కన్న వారానికే మా అమ్మ పోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదు. అరవైకి దగ్గరపడ్డ ఆ రోజున, ఆ కొట్టంలో, నేనామెను గుర్తుపట్టాను.

మరుసటి వారం కేసు షీటులో లక్షణం తగ్గిందని రాసి సంతకం పెట్టాను. ఆ ఉద్యోగం నాకు నేర్పినదాంట్లో పెద్దది ఇదే: అమ్మను ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా అమ్మ చూపు తెలుసు. ఎలా తెలిసిందో చెప్పగల పరీక్ష మా దగ్గర లేదు.