బానెట్ మీద బొట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు పాత కారు కొని ఉండరు. కొని ఉంటే ఆ సామెతకి ఇంకో ముక్క తగిలించేవాళ్ళు.

నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా ఇల్లు జగ్గయ్యపేటలో. రోజూ బస్సులోనే పోయి వచ్చేదాన్ని. పెళ్ళికి ముందే మా నాన్న జీపు మీద డ్రైవింగ్ నేర్చుకున్నా, నలభై రెండేళ్ళు వచ్చేదాకా సొంత కారు లేదన్న లోటు పెద్దగా తెలియలేదు. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యాక తెలిసింది.

ఆపరేషన్ బెజవాడలో బాగానే జరిగింది. ఆ తర్వాత వారానికి మూడుసార్లు నందిగామలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. మా ఆయనకి ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం, ఆయన్ని నమ్ముకుని లాభం లేదు. అందుకని అద్దెకారు మాట్లాడాను. నాలుగోసారి వెళ్తుండగా, మిట్టమధ్యాహ్నం, నందిగామ ఇంకా చాలా దూరం ఉందనగా ఆ కారు పొగలు కక్కి ఆగిపోయింది. లోపల ఉడికిపోతోంటే ఉండలేక అత్తయ్య దిగి, రోడ్డు పక్క తూము గోడ మీద కూర్చున్నారు. గోడ బాగా పొట్టిది. రెండు గంటల తర్వాత ఇంకో బండి వచ్చింది. అప్పుడు చూస్తే ఆవిడ లేవలేకపోయారు. డ్రైవరు ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని, బస్తా లేపినట్టు లేపాం. పోయే లారీల వాళ్ళంతా తలలు బయటపెట్టి చూశారు.

మర్నాటి మర్నాడు నేను తయారై వస్తే అత్తయ్య మంచం దిగలేదు. "నేను రానమ్మాయ్" అన్నారు. బతిమాలాను, కోప్పడ్డాను, మా ఆయన చేత చెప్పించాను. ఆవిడ పెనుగంచిప్రోలు మనిషి. మిరపతోటలు చేసి, కూలీల చేత పని చేయించి, మాట ఒకసారే చెప్పడం అలవాటు. రెండు వారాలు గడిచాయి. ఫిజియోథెరపీ ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాడు.

"ఇప్పుడు ఒంచకపోతే ఇక ఎప్పటికీ ఒంగదు మేడమ్. కాలు కర్రలాగా ఉండిపోద్ది. ఇంకో నెల దాటితే నన్ను అడిగి లాభం లేదు."

ఆ సంగతి అత్తయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు తన మోకాలి వంక చూసుకున్నారు. "నడిరోడ్డు మీద ఆగని బండి చూడు, వస్తా. మళ్ళీ నన్ను ఇద్దరు లేపే పని పెట్టుకోను" అన్నారు. అలా ఆ మోకాలు మొత్తం మేం కొనబోయే కారు మీద ఆధారపడింది.

చేతిలో ఉన్నది నాలుగు లక్షలు. కొత్తది రాదు. మా ఆయన తన సలహా ఇచ్చేశారు: ఎత్తుగా ఉండాలి, మైలేజీ ఇవ్వాలి, తెల్లగా ఉండాలి. తెలుపు ఎందుకంటే సిమెంటు దుమ్ము కనపడదట. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి ప్రపంచంలో ఉన్న రంగు అదొక్కటే.

నాకు ఇంకో కోరిక ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా వైపు దాన్ని 'పికప్' అంటారు. కాలు నొక్కగానే బండి ముందుకి దూకాలి. మలుపులో ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరగాలి. రోజూ బస్సు కిటికీలోంచి కుర్రాళ్ళ కార్లు లారీలని దాటుకుంటూ పోతుంటే చూసి చూసి నాకు ఆ దురద పట్టింది. లెక్కలు చెప్పే ఆవిడకి, అందులోనూ అత్తగారి మోకాలి కోసం కారు కొంటున్న కోడలికి, ఈ సరదా ఏమిటి అని నాకే అనిపించేది. అందుకే పైకి "గట్టి బండి, నమ్మకమైన బండి" అని జపం చేస్తూ, లోపల ఇంజను బలం ఎంత అని లెక్కలు చూసుకునేదాన్ని.

కాలేజీ అయ్యాక నందిగామలో పాతకార్ల షెడ్లన్నీ తిరిగాను. అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి, పాత కార్లన్నీ డాక్టర్లు వాడినవే. ఏ బండి అడిగినా "సింగిల్ హ్యాండ్ మేడమ్, డాక్టరుగారు వాడారు, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిప్పలేదు" అంటారు. నేను చూసిన కార్ల లెక్కన నందిగామలో ఇంటికో డాక్టరు ఉండాలి. మరి ఫిజియోథెరపీకి మేం అంతంతసేపు వరసలో ఎందుకు కూర్చునేవాళ్ళమో అర్థం కాదు.

చివరికి ఒక షెడ్డులో రెండు బండ్లు నచ్చాయి. రెండూ ఒకటే మోడలు, అందులో కాస్త బలమైన ఇంజను వచ్చే రకం. ఒకటి ఎర్రది. దాని మెరుపు చూస్తే మొహం కనపడేది. నల్లచక్రాలు, నల్ల పైకప్పు. నేను దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను. రెండోది వెండిరంగుది, షెడ్డు మూల పెట్టి ఉంది. ఇరవై వేలు తక్కువ. ఎందుకు తక్కువంటే, దాని బానెట్ నడుమ అరచేయంత మేర గులాబీ రంగు మరక ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే స్వస్తిక్ గుర్తు, దాని చుట్టూ నాలుగు చుక్కలు. ఎప్పుడో పూజ చేయించినప్పుడు పెట్టిన కుంకుమ.

"ఇది పోదా?" అని అడిగాను.

"ఎన్నిసార్లు పాలిష్ కొట్టించినా పోలా మేడమ్" అన్నాడు షెడ్డాయన. "ఎండలో ఉంచేసారు, రంగులోకి దిగిపోయింది. అందుకే రేటు తగ్గించా. వేరేవాళ్ళు బొట్టు పెట్టుకున్న బండి అంటే జనం వెనక్కి పోతన్నారు."

నేనూ వెనక్కే పోయాను. ఎర్రదానికి అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధమైపోయాను. అత్తయ్య ఎక్కగలరో లేదో చూడటం ఒక్కటే మిగిలింది.

ఆదివారం ఉదయం, బండి చూడటానికి ఈ ఒక్కసారికి రమ్మని ఒప్పించి, ఆటోలో అత్తయ్యనీ, మా వీధి చివర షెడ్డులో పనిచేసే ముసలి మెకానిక్‌నీ తీసుకెళ్ళాను. షెడ్డాయన అత్తయ్యకి కుర్చీ వేశాడు. మెకానిక్ ముందు రెండు కార్ల బానెట్ల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. మనం రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కిస్తే ఇంజను జబ్బు దాగిపోతుందట. రెండూ చల్లగానే ఉన్నాయి. అతను ఎర్రదాని కింద దూరాడు.

అత్తయ్య వాకరు పట్టుకుని లేచి, మెల్లగా ఎర్రదాని ముందుకి వచ్చారు. బానెట్ మీద చెయ్యి వేసి నిమిరారు. బాగా చూశారు.

"అబ్బాయ్, దీనికి పూజ చేయించారా కొన్నప్పుడు?"

షెడ్డాయన ముసలావిడ మనసు తెలిసినవాడిలా నవ్వాడు. "చేయించకుండా ఉంటారా అమ్మా. డాక్టరుగారికి భక్తి ఎక్కువ. పెనుగంచిప్రోలు అమ్మవారి దగ్గరికే తీసుకెళ్ళారు."

"మరి బొట్టేదీ?"

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"పాలిష్ కొడితే పోయింది లెండమ్మా."

"పాలిష్‌కి పోయేదయితే ఆ మూలబండిది ఎందుకు పోలా? ఎన్నిసార్లు కొట్టించినా పోలేదని మా అమ్మాయితో నువ్వే అన్నావంటగా."

అత్తయ్య నా వైపు తిరిగారు. "పుట్టినూరు కదమ్మాయ్ నాకు. ఆ గుడి ముందు ఎన్ని బండ్లకి బొట్లు పెట్టడం చూసా. తడి పసుపు మెత్తి, పైన కుంకుమ అద్ది, ఎండలో వదిలేస్తారు. ఎట్టా పోద్ది? మన ట్రాక్టరుది అమ్మేసేదాకా పోలా. పూజ నిజమయితే ఈ రేకు కొత్తది. ఈ రేకు పాతదయితే పూజ అబద్ధం. ఏదో ఒకటి."

నేను పదిహేనేళ్ళుగా పిల్లలకి తర్కం చెబుతున్నాను. ఇంత శుభ్రంగా ఒక్కసారి కూడా చెప్పలేదు.

మెకానిక్ కిందనుంచి బయటికి వచ్చి బానెట్ ఎత్తాడు. బిగించిన బోల్టుల తలల మీద రంగు చెదిరిపోయి ఉంది. స్పానర్ పడిన గీతలు. ముందు బంపరు వెనక టార్చి వేసి చూపించాడు, రేకు కోసి అతికించిన వెల్డింగు వరస. "గట్టిగానే గుద్దుకుంది పెద్దమ్మా. మొహం మొత్తం మార్చారు" అన్నాడు. పైన పటారం, లోన లొటారం. నేను మూడు ప్రదక్షిణలు చేసింది దానికి. నిజంగా సిగ్గేసింది.

"నా దగ్గరికొచ్చేటప్పటికే అట్టా ఉందమ్మా" అన్నాడు షెడ్డాయన, నేల చూస్తూ.

"ఉంటే చెప్పాలిగా" అన్నారు అత్తయ్య. అంతే. గొంతు పెంచలేదు. ఆవిడ అప్పటికే వాకరు వేసుకుంటూ మూలకి నడుస్తున్నారు.

వెండిరంగు బండి ముందు నిలబడి, ఆ గులాబీ మరకని వేలితో చుట్టూ రాశారు. "ఇది చర్మం మారని బండి" అన్నారు. అయితే బొట్టు చూసి ఇంజను కొనలేం కదా అని ఆవిడే మెకానిక్‌కి అప్పజెప్పారు. అతను చల్లటి ఇంజను స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు, ఆయిలు చూశాడు, సర్వీసు కాగితాలు వరసగా ఉన్నాయో లేదో చూశాడు, టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయని చెప్పాడు. క్లచ్ ఒక్కటి ఏడాదిలో మార్చాల్సి వస్తుందన్నాడు. డిక్కీ తెరిచి వాకరు మడిచి పెడితే హాయిగా పట్టింది.

చిక్కు అప్పుడు వచ్చింది. అలాంటి బండ్లు కాస్త కిందికి ఉంటాయి, సీటు లోతు. అత్తయ్య ముందు నడుము సీటు మీద ఆనించి, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోబోయారు. ఎడమ మోకాలు ఒంగలేదు. రెండు చేతులతో తొడ కింద పట్టుకుని, పళ్ళ బిగువున కాలు లోపల పెట్టుకున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

"వద్దత్తయ్యా. ఎత్తుగా ఉండేది ఇంకోటి చూద్దాం."

"ఎత్తుబండి ఎక్కితే ఈ కాలు ఒంగుతుందా?"

"మీకు నొప్పిగా..."

"నొప్పెట్టే పనికే కదా నందిగామ తీసుకొస్తన్నావ్. డబ్బిచ్చి మరీ." సీటు బెల్టు లాక్కున్నారు. "అయినా నువ్వు వచ్చిన కాడ్నుంచీ ఆ స్టీరింగ్ నిమరతానే ఉన్నావ్. నాకు కళ్ళు బానే కనపడతయ్. తోలు."

హైవే ఎక్కాను. ముందు ఒక సిమెంటు లారీ, దాని ముందు ఇంకోటి. మూడో గేరులో కాలు నొక్కాను. ఆ బండి ఎదురుచూస్తూ ఉన్నట్టు దూకింది. రెండు లారీలూ వెనక్కి పోయాయి. నాకు నవ్వు ఆగలేదు, ఇరవై ఏళ్ళ క్రితం నాన్న జీపులో నవ్వినట్టు నవ్వాను. వెంటనే భయమేసి పక్కకి చూశాను. అత్తయ్య డాష్‌బోర్డు పట్టుకుని రోడ్డు వంక చూస్తున్నారు.

"పికప్ బానే ఉంది" అన్నారు.

ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. ఎక్కడ విన్నారో, నేను ఫోన్‌లో మెకానిక్‌ని అడుగుతుంటే విన్నారో.

ఆ బండే కొన్నాం. పెనుగంచిప్రోలులో పూజ చేయించినప్పుడు పూజారి మరక పక్కన కొత్త బొట్టు పెట్టబోతే, అత్తయ్య ఒప్పుకోలేదు. "దాని మీదే పెట్టండి. మొదట పెట్టినవాళ్ళు మనకి మేలు చేసారు" అన్నారు. ఇప్పటికీ మా ఆయన దాన్ని కడిగేటప్పుడు, సిమెంటు దుమ్ము ఎంత కనపడుతోందో అని సణుగుతూ, ఆ గుర్తు మీద మాత్రం గుడ్డ మెల్లగా వేస్తారు.

వారానికి మూడుసార్లు వెళ్ళాం. ఫిజియోథెరపీలో అరగంట ఒక ఎత్తు, ఆ లోతు సీటులోకి ఎక్కి దిగడం ఒక ఎత్తు. మొదట్లో నేను చెయ్యి ఇవ్వబోతే తోసేసేవారు. ఒక్కోరోజు కళ్ళలో నీళ్ళు తిరిగేవి, మొహం అటు తిప్పుకునేవారు. నేను చూడనట్టు అద్దం సర్దుకునేదాన్ని. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆవిడా ఒక్కసారి కూడా మానలేదు. రెండింట్లో దేన్ని ఎక్కువ మెచ్చుకోవాలి అంటే నేను చెప్పలేను. కాదు, చెప్పగలను. బండిని ఎవరైనా కొనుక్కోవచ్చు.

మూడో నెలలో ఒకరోజు మధ్యాహ్నం, నందిగామ వెళ్తూ ఒక సిమెంటు లారీని దాటాక, అత్తయ్య ఉన్నట్టుండి "ఆపు" అన్నారు. నొప్పేమో అని పక్కకి తీసి ఆపాను. అది ఆ తూము దగ్గర.

ఆవిడ తలుపు తీసుకుని, కాళ్ళు బయటికి తిప్పుకుని దిగారు. వాకరు అడగలేదు. మెల్లగా నడిచి ఆ పొట్టి గోడ మీద కూర్చున్నారు. నేను బండి దిగి నిలబడ్డాను, దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు, ఎడమ మోకాలు మడిచారు, అరచేతులు తొడల మీద ఆనించి లేచారు. ఎవరూ రెక్క పట్టుకోలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఇందాక మేం దాటిన లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అత్తయ్య దాని వంక చూసి, వచ్చి తలుపు తీసి, నా సాయం లేకుండా సీట్లో దిగబడ్డారు.

"ఏడుపు తర్వాతమ్మాయ్" అన్నారు బెల్టు పెట్టుకుంటూ. "అది ముందుకెళ్ళిపోతంది. తోలు."