నాన్న జారిన బండ

టెక్కలి దగ్గరి గ్రానైట్ క్వారీల్లో నాన్న కొలతల పని చేసేవాడు. నడుముకు తాడు కట్టుకుని గోతిలోకి దిగి, ఎంత రాయి తీశారో టేపుతో కొలిచేవాడు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు, ఒకరోజు తాడు విప్పాక జారిపడి తుంటి విరిగింది. అప్పటినుంచి ఉద్దానంలో మా జీడితోట చూసుకుంటున్నాడు.

సర్వేయరుగా నేనూ క్వారీలోనే చేరతానంటే అమ్మ అలిగి అన్నం మానేసింది. గోతిలోకి దిగక్కర్లేదని, గట్టు మీద స్టాండు వేసి లేజర్ స్కానర్ పెడితే అదే కొలుస్తుందని ఎంత చెప్పినా నమ్మలేదు.

పోయిన వేసవిలో, మూతపడ్డ ఒక పాత గోతిని కొలవమన్నారు. అడుగున నీళ్లు, అంచుల్లో వదులు రాళ్లు. మనిషి దిగే వీల్లేదు. స్టాండు చోటు మారుస్తూ గట్టు చుట్టూ స్కాన్ చేశాను. కిరణం తగిలిన చోటల్లా ఒక చుక్క పడి, చుక్కలన్నీ కలిసి ల్యాప్‌టాప్‌లో గొయ్యి అచ్చంగా నిలబడింది. నాన్న పనిచేసింది అందులోనేనని తెలిసి, మా ఆఫీసులో అడిగి ఆ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి చూపించాను.

అమ్మ జిగురంటకుండా చేతులకు నూనె రాసుకుని వాకిట్లో పనసపొట్టు కొడుతోంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, గోతిని అటూ ఇటూ తిప్పమన్నాడు. తాడు కట్టే చోటు, అన్నాలు తినే నీడ ఒక్కొక్కటే గుర్తుపట్టి మురిసిపోయాడు. ఆ ఊపులోనే ఒక బండ మీద వేలు పెట్టి, తను జారింది అక్కడినుంచేనన్నాడు.

అమ్మ కత్తి పక్కన పెట్టి వచ్చింది. పడిందెక్కడని అడిగింది. నాన్న వేలు కిందికి, ఇంకా కిందికి జరిగింది. ఎత్తెంతని అమ్మ నన్నడిగితే కొలిచి చెప్పాను. పెరట్లో కొబ్బరిచెట్టుకు సగం ఉంటుంది.

“మోకాలంత రాయి మీంచి జారినానని సెప్పినావు గదా,” అంది అమ్మ.

“అప్పుడీ పిల్ల నీ సంకలో ఉంది. బెంగెట్టుకుంటావని సెప్పలేదు,” అన్నాడు నాన్న.

అమ్మ వెళ్లి మళ్లీ పొట్టు కొట్టడానికి కూర్చుంది. కళ్లు తుడుచుకుంటే చేతి నూనె చెంపకంటింది. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. కూర మాత్రం ఆయనకే ముందు వడ్డించింది.

మర్నాడు నేను బయల్దేరుతుంటే గొడుగు తెచ్చిచ్చింది.

“గట్టు మీదే కూకుని కొలుసుకో. అంచుకెల్లకు,” అంది.

ఇప్పుడు పక్కింటివాళ్లకు, మా పిల్ల రాయిని ముట్టకుండానే కొలుస్తుందని అమ్మే చెబుతోంది.