కొల్లేటి గట్టున బ్రాడ్‌వే నాటకం

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే నేను కచ్చితంగా చెప్పగలను. గంటా నలభై నిమిషాలు. మధ్యలో టీ ఇస్తే ఇంకో పది. నా పరువు ఒక్కసారిగా పోలేదండీ. పాటకి కొంచెం చొప్పున, డెబ్భై మంది చూస్తుండగా, పెద్ద టీవీ పక్కన నేను చేతులు కట్టుకుని నిలబడి ఉండగా పోయింది. మీరు నిక్షేపంగా నవ్వుకోవచ్చు. ఆ ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

పన్నెండేళ్ళ కిందట నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. వయసు ఇరవై ఆరు. తల నిండా జుట్టు, ఆ జుట్టు కింద ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం. మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెప్పే కరీముల్లా గారికి పాత సంగీతమంటే ప్రాణం. ఒకరోజు ఆయన నా చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి, "ఇందులో మూడు నాటకాలున్నాయండీ. అమెరికావాళ్ళవి. తీరిగ్గా చూడండి" అన్నారు.

అవి బ్రాడ్‌వే నాటకాలు. న్యూయార్కులో ఆ పేరుగల వీధిలో పాటలతో ఆడే నాటకాలు. మన తాతల కాలంలో అక్కడి టీవీవాళ్ళు వాటిని స్టూడియోలో మళ్ళీ ఆడించి ప్రసారం చేశారట. ఆ ఆదివారం మొదటిది పెట్టుకుని కూర్చున్నాను. నలుపు తెలుపు బొమ్మ. గోడలు గుడ్డ మీద గీసినవని తెలిసిపోతోంది. తలుపు వేస్తే ఇల్లంతా ఊగుతోంది. చంద్రుడేమో ఎవరో వెలిగించిన బల్బు. నవ్వుదామని కూర్చున్నవాణ్ణి, ఆ నాయిక నోరు విప్పగానే నవ్వడం మర్చిపోయాను. గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్న ఆ సన్నటి మనిషి అంత గొంతు ఎక్కడ దాచుకుందో! పొయ్యి మీద పెట్టిన అన్నం అడుగంటి, పక్కింటివాళ్ళు తలుపు కొడితేగానీ ఈ లోకంలోకి రాలేదు. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ వారంలో దాన్నే నాలుగుసార్లు చూశాను. మిగతా రెండూ తెరవనైనా లేదు. నా పతనానికి పునాది అక్కడే పడింది.

ఆ నెలలోనే కొల్లేటి గట్టునున్న మా మావయ్యగారి ఊరు వెళ్ళాను. ఏలూరులో రైలు దిగి ఆటో ఎక్కితే, రెండు పక్కలా చేపల చెరువులు చూసుకుంటూ ముప్పావు గంట ప్రయాణం. మావయ్య అక్కడి మత్స్యకారుల సొసైటీకి కార్యదర్శి. ఆ ఊరికి పేరు తెచ్చిన మనిషి సత్యవతమ్మ గారు. నలభై ఏళ్ళు పద్యనాటకాలు ఆడారు. రాణి వేషం కట్టినా, మగవాళ్ళు రాకపోతే రాజు వేషం కట్టినా జనం వన్స్ మోర్ కొట్టేవారట. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి గుమ్మం దాటడం లేదు. ఊరివాళ్ళు సన్మానం చేస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"శాలువాలు బీరువా నిండా ఉన్నాయి నాయనా. ఎండలో కూడా కప్పుతారు, చెమట పోస్తుంది. నా మీద అంత ప్రేముంటే ఓ మంచి నాటకం చూపించండి. చూసి పదేళ్ళయింది" అన్నారు.

నాటక సమాజాలు ఎక్కడున్నాయి? ఆవిడింట్లో నా పక్కన మావయ్య దిగాలుగా కూర్చుంటే, నేను ఊరుకోవచ్చు కదా!

"అమెరికావాళ్ళక్కూడా మనలాగే పాటల నాటకాలున్నాయండీ, మామ్మగారూ" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. ఆ కళ్ళలో మెరుపు ఇప్పటికీ మరిచిపోలేను.

"నిజవా బాబూ? హార్మోనియం ఉంటుందా?"

"ఒక్క హార్మోనియం ఏవిటండీ, నలభై మంది వాయిస్తారు. స్టేజీ ముందు గోతిలో కూర్చుంటారు."

"గోతిలోనా? పాపం, ఏం తప్పు చేశారూ?"

నా పాండిత్యమంతా కుమ్మరించాను. ఆవిడ చెవులప్పగించి విన్నారు. చివరికి నా చెయ్యి పట్టుకుని, "నేను పోయేలోపు ఒక్కటి చూపించు నాయనా. ఆళ్ళెలా ఆడతారో చూడాలి" అన్నారు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం పక్కన నిలబడి తెలుగులో కథ చెబుతానని వాగ్దానం చేసేశాను. చూసిన నాటకమే కదా, నాలుగుసార్లు!

తరువాతి ఆదివారం మధ్యాహ్నం సొసైటీ హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఏలూరు నుంచి అద్దెకు తెచ్చిన పెద్ద టీవీ. డెబ్భై మంది జనం. ముందు వరసలో దిండు వేసిన కుర్చీలో సత్యవతమ్మ గారు. పెట్టెలోంచి తీసిన మడత నలగని పట్టుచీర కట్టుకుని వచ్చారు. నాటకాన్ని చూడ్డానికి ఆవిడ అంత గౌరవంగా రావడం చూసి నేనూ చొక్కా గుండీలు సరిచేసుకున్నాను.

పెన్‌డ్రైవ్ పెట్టాను. నేను చూసిన నాటకం తెరుచుకోలేదు. "ఈ ఫైలు పనిచేయదు" అని టీవీ చెప్పింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం ఠకీమని మొదలైంది. నేను ఒక్కసారి కూడా చూడనిది! కింద అక్షరాలూ లేవు.

"ఏవండీ, నేనిది చూళ్ళేదండీ" అని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ ఇంగ్లీషు లెక్చరర్ని! పైగా మావయ్య అప్పటికే మైకులో, "మా మేనల్లుడికి ఇంగ్లీషు నాటకాలు కొట్టిన పిండండి" అని చెప్పేశాడు. ఇంగ్లీషే కదా, అర్థమవుతుందిలే అనుకున్నాను. అర్థం కాలేదండీ. నేను చెప్పే ఇంగ్లీషు ఇంటర్మీడియట్ ఇంగ్లీషు. ఆ నాటకంలో ఒక్కళ్ళైనా ఒక వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి మార్చమని అడిగితే ఒట్టు.

తెర మీద రేవులో ఒక పూటకూళ్ళిల్లు. తెల్ల ఏప్రన్ కట్టుకున్న ఆవిడ బల్లలు తుడుస్తోంది. మూల కుర్చీలో జోళ్ళు విప్పుకుని కూర్చున్న ఓ ముసలాయన. ఇంతలో పెట్టె పట్టుకుని ఒకాయన లోపలికొచ్చాడు. ఆవిడ చేతిలో పళ్ళెం జారి పడింది.

"ఆవిడ అన్నగారండీ! మిలిట్రీ నుంచి వచ్చారు" అన్నాను గంభీరంగా.

"ఆహా!" అన్నారు జనం. ముసలాయన రెండుసార్లు దగ్గి, తల వాల్చేశాడు.

"అయ్యో, పెద్దాయన పోయారండీ. కొడుకుని కళ్ళారా చూసి పోయారు!"

వెనక వరసలో ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. నా కథనానికి నాకే గర్వం వేసింది. సరిగ్గా అప్పుడే ఆ అన్నాచెల్లెళ్ళు పాట అందుకున్నారు. పాట చివర ఆయన ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి ముద్దు పెట్టుకున్నాడు. మొహం మీద. ఎక్కడో చెప్పను.

చేపల చెరువు కాపలా వీర్రాజు గారు లేచి నిలబడ్డారు.

"ఏవండీ మాస్టారండీ, అన్నగారన్నారు కదండీ?"

"అంటే... అన్నగారిలాంటివారండీ. చిన్నప్పట్నుంచీ..."

"లాంటివారైతే మరీ తప్పు కదండీ?"

"అమెరికా కదండీ!" అన్నాను. ఆ దేశానికి నేను చేసిన ద్రోహం ఇంతా అంతా కాదు.

వీర్రాజు గారు సగం కూర్చున్నారో లేదో మళ్ళీ లేచారు. "మాస్టారండీ, పోయినాయన లేచారండీ!"

తిరిగి చూద్దును కదా, ముసలాయన బల్లల మధ్య గంతులేస్తున్నాడు.

"అది... ఆయన ఆత్మండీ."

"ఆయ్, అలాగాండీ." ఆయన కూర్చున్నారు. రెండు నిమిషాలు గడిచాయి. "మాస్టారండీ, ఆత్మ రొట్టె తింటోందండీ."

నవ్వులతో హాలు దద్దరిల్లిపోయింది. మావయ్య తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నా చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నవ్వినందుకు బాధ లేదు. ముందు వరసలో నవ్వని మనిషి ఒకరున్నారు, అదీ నా బాధ. పదేళ్ళ తరువాత నాటకం చూడబోతున్నానని పట్టుచీర కట్టుకొచ్చిన మనిషికి నేను చేసింది ఇది. టీవీ ఆపేద్దామని రిమోటు అందుకున్నాను.

"ఉండు నాయనా" అన్నారు సత్యవతమ్మ గారు, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఆపకు. నువ్వు మాత్రం కాస్సేపు ఊరుకో."

మెల్లగా జనం వైపు తిరిగారు. "ఆయన అన్న కాదర్రా. మొగుడు. ఎన్నేళ్ళకో వచ్చాడు. అన్నని చూస్తే ఎదురెళ్తాం గానీ పళ్ళెం జారిపోద్దా? ఆ పెద్దాయన ఆవిడ తండ్రి. చచ్చిపోలేదు, నిద్రా పోలేదు. వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనిద్దామని నిద్ర నటించాడు. కాలి బొటనవేలు చూళ్ళేదా, ఇందాక పాటకి తాళం వేసింది."

నేను వెనక్కి తిప్పి చూపించాను. వేస్తోంది! నేను చూడని బొటనవేలు, డెబ్భై మందిలో ఎవరూ చూడని బొటనవేలు! ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మనిషికి కళ్ళజోడు వెనకనుంచి కనబడింది. హాలంతా చప్పట్లు.

అక్కణ్ణుంచి ఎవరికీ కథ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ పూటకూళ్ళావిడ కూరగాయల బుట్ట ముందు కూర్చుని ఒంటరిగా ఒక పాట పాడింది. ఎంత సన్నగా మొదలుపెట్టిందో, ఎక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టిందో! "ఎన్ని రాత్రులు ఎదురు చూశానో చెప్పుకుంటోంది పిచ్చితల్లి" అన్నారు సత్యవతమ్మ గారు కళ్ళు ఒత్తుకుంటూ. పాట ఆగగానే ఎవరో "వన్స్ మోర్!" అన్నారు. మరుక్షణం డెబ్భై గొంతులు. రిమోటు నొక్కాను. ఆవిడ మళ్ళీ పాడింది. మళ్ళీ అడిగారు. మూడోసారీ పాడింది. న్యూయార్కువాళ్ళు ఆవిణ్ణి ఎన్నిసార్లు పాడించారో తెలియదు గానీ, కొల్లేటివాళ్ళు మాత్రం మూడుసార్లు పాడించారు.

చివరికి ఆయన వెళ్ళిపోతానన్నట్టు టోపీ పెట్టుకున్నాడు. ఆవిడ ఆపలేదు, ఏడవలేదు. లోపలికెళ్ళి పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వంగి, బలంగా ఎత్తబోయాడు. పెట్టె దూదిలా పైకి లేచింది. ఖాళీ! బట్టలన్నీ ఆవిడ ఎప్పుడో లోపల సర్దేసింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పాట లేదు, మాట లేదు. తెర పడిపోయింది.

సత్యవతమ్మ గారు టీవీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. తరువాత కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. నెలల తరబడి సాయం లేకుండా లేవని మనిషి!

"చూశారా, బరువుంటుందనుకుని భుజం ఎలా దించాడో!" అంటూ తన చేతిసంచీ నేల మీద పెట్టి, వంగి, ఎత్తి చూపించారు. ఆ ఒక్క క్షణం అక్కడ ముసలావిడ లేరు, పట్టుచీర లేదు. ఖాళీ పెట్టె పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయిన మగవాడున్నాడు. ఇంగ్లీషులో ఎమ్మే చేసిన నేను ఆ రోజు నాటకం అంటే ఏవిటో ఒకటో తరగతి పిల్లాడిలా నేర్చుకున్నాను.

గూడెం వచ్చాక ఆ మూడో నాటకాన్ని నా కంప్యూటర్లో కింద అక్షరాలతో మళ్ళీ చూశాను. ఆవిడ చెప్పిందంతా అక్షరాలా నిజం. ఒక్కచోటే తేడా. కన్నీళ్ళు పెట్టించిన ఆ పాటలో ఎదురుచూపులూ లేవు, రాత్రులూ లేవు. రేపటి వంటకి ఉల్లిపాయలెన్ని, బంగాళాదుంపలెన్ని, క్యాబేజీ పుచ్చిందా లేదా అన్నదే పాట! సత్యవతమ్మ గారికి ఫోన్‌ చేసి భయంభయంగా చెప్పాను.

"కూరగాయల చిట్టా చదువుతూ అంత ఏడిపించిందా!" అన్నారు. "నలభై ఏళ్ళాడాను నాయనా. నావల్ల కాలేదు."

నెల తిరక్కుండా మావయ్య ఫోన్‌. "ఏరా, ఈ ఆదివారం ఇంకో అమెరికా నాటకం వేస్తున్నాం. నువ్వు తప్పకుండా రావాలి."

"వస్తాను మావయ్యా. ఈసారి రెండుసార్లు ముందే చూసి, అంతా రాసుకుని మరీ వస్తాను."

"ఓరి నీ దుంప తెగ, ఆ పని మాత్రం చెయ్యకు! చూస్తే ఇంకేం బావుంటుందిరా? ముందు నువ్వు తప్పు కథ చెప్పాలి, తరవాత మామ్మగారు అసలు కథ చెప్పాలి. నీ కథ వినడానికి అత్తిలి నుంచి కూడా ఆటో కట్టించుకుని వస్తున్నారు!"

కాబట్టి, ఈ వ్యాసం చదువుతున్న పెద్దలందరి సమక్షంలో, తాడేపల్లిగూడెం వాస్తవ్యుణ్ణైన నేను బుద్ధిపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: చూడని నాటకానికి ఈ జన్మలో కథ చెప్పను, తెర మీద ఎవరు తల వాల్చినా కాలి బొటనవేలు చూడకుండా చంపను, ముద్దు పెట్టుకునేదాకా ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం కలపను.