దిడ్డిలోంచి పోనన్న మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పులివెందుల బస్టాండులో అందింది. ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను చేసింది మా చిన్నాయన, ఆమె సొంత తమ్ముడు, ఊళ్ళో మా చర్చికి సంఘపెద్ద. "పాపా, మీ అత్త ప్రభువులో నిద్రించింది. రేపు ఆదివారం, ఆరాధన అయినంక తీస్తాం. ఇంటిదాకా రాలేకపోతే నేరుగా దిడ్డికాడికే వచ్చేయ్" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆమె ఒళ్ళు ఇంకా చల్లబడి ఉండదు, అప్పుడే దిడ్డి మాట! "దిడ్డి ఏంది చిన్నాయనా? పెద్దవాకిట్లోంచి తీస్కపొమ్మని గదా ఆమె మొత్తుకునింది?" అన్నాను. "ఫోన్లో గాదులే, రా" అని పెట్టేశాడు.

మా ఊరు తెలియనివాళ్ళకు ముందు అది చెప్పాలి. జమ్మలమడుగు దాటి కొండెక్కితే వస్తుంది. కోట అనగానే అందరూ గండికోటేనా అంటారు. కాదు. మాది దానికి దూరపు చుట్టం లాంటి చిన్న కోట. ఏ రాజు కట్టించాడో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతారు. సగం గోడలు కూలిపోయాయి, బురుజుల మీద జిల్లేళ్ళు మొలిచాయి. ఆ గోడల లోపలే ఊరు. బయటికి రెండే దారులు. తూర్పున పెద్దవాకిలి, లారీ పట్టేంత వెడల్పు. పడమట దిడ్డి, అంటే గోడలో చిన్న దొంగవాకిలి. తల వంచి దూరాలి, దూరిన వెంటనే పక్కకు తిరగాలి. శత్రువులు గుంపుగా దూసుకురాకుండా ఆ మలుపు పెట్టారట. శత్రువుల సంగతి నాకు తెలియదు గాని, ఆ మలుపులో శవప్పెట్టె పట్టదు.

మా వాడలో ఎవరు పోయినా దిడ్డిలోంచే తీసుకుపోవాలి. అది ఊరి ఆనవాయితీ. పెద్దవాకిట్లోంచి మా శవం పోతే ఊరికి అరిష్టమట. పైవీధులవాళ్ళ శవాలు పోతాయి, అరిష్టం లేదు. గొర్రెలు పోతాయి, పెళ్ళిఫోటోలకు వచ్చే జంటలు పోతాయి, కల్లు తాగి తూలేవాళ్ళూ పోతారు. మిషన్ దొరల కాలంలో మా ముత్తాతలు క్రైస్తవులయ్యారు. పేర్లు మారాయి, చదువులు వచ్చాయి, టీచర్లమూ నర్సులమూ అయ్యాం. వాకిలి మాత్రం మారలేదు.

మా అత్త చాలా మంచిదని రాయడానికి నేను కూర్చోలేదు. ఆ పనికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. బతికినన్నాళ్ళూ "ఆమె నోరు మంచిది గాదబ్బా" అన్నవాళ్ళే ఇప్పుడు ఫ్లెక్సీ కట్టించి, దాని మీద మాతృమూర్తి అని రాయించారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. ఆమె మాతృమూర్తి కాదు. ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, జగడాలమారి. పేపరు చదివేది కాదు, పేపరుతో కొట్లాడేది. టీలో చక్కెర తక్కువైతే తాగి మరీ తిట్టేది. నాతోనూ సరిగా పడేది కాదు. "ప్రొద్దుటూర్లో ఇల్లు కట్టుకున్నంక నీకు మాటలు మెత్తబడినాయి" అని దెప్పేది. నేనేం తక్కువ తిన్నానా? అరుచుకునేవాళ్ళం, అన్నాలు తినేవాళ్ళం, చేతులు కడుక్కుని మళ్ళీ అరుచుకునేవాళ్ళం. ఇప్పుడు అట్లా అరుచుకోవడానికి నాకు మనిషి లేదు.

ఆమె అలా తయారు కావడానికి కారణం మా మామ సాగనంపు. ఆయన నిలువెత్తు మనిషి, పెట్టె పొడుగ్గా చేయించారు. దిడ్డిలో మలుపు దగ్గర ఎట్లా తిప్పినా పట్టలేదు. కాళ్ళవైపు దించి, తలవైపు లేపి, పెట్టెను దాదాపు నిలబెట్టారు. కాళ్ళవైపు పట్టుకున్నది మా చిన్నాయనే. లోపల మా మామ జారి, కింది పలకకు ధబ్బున కొట్టుకున్నాడు. ఆ చప్పుడు అందరూ విన్నారు. పాడుతున్న పాటనే ఇంకొంచెం గట్టిగా పాడారు, అంతే. ఆ సాయంత్రం మా అత్త నా చెయ్యి పట్టుకుని "నీకు ఇనిపించిందా?" అని అడిగింది. వినిపించిందన్నాను. "నన్నట్ల జార్చొద్దండి. చెప్తాండా, నన్ను పెద్దవాకిట్లోంచి తీస్కపోండి" అన్నది.

ఆ తరవాత ఆమె ఆదివారాలన్నీ పెద్దవాకిలి అరుగు మీదే గడిచాయి. చర్చి అయిపోగానే గొడుగు తీసుకుని వచ్చి అక్కడ కూర్చునేది. ప్రొద్దుటూరు నుంచీ కడప నుంచీ కోట చూడటానికి వచ్చేవాళ్ళను పట్టుకునేది. ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట దొరికింది. నేనూ పక్కనే ఉన్నాను.

"కోట జూడను వచ్చినారా? ఈడేముంది, రాళ్ళు. రాండి, అసలుది నేను జూపిస్తా" అని వాళ్ళను దిడ్డి దగ్గరికి నడిపించింది. ఆ అబ్బాయిని ఎగాదిగా చూసి, "ఎంత పొడుగుంటావు నాయనా?" అని అడిగింది.

"ఆరడుగులు మేడం."

"సరే, నువ్వు సచ్చినావనుకో."

ఆ పిల్ల జడుసుకుని మొగుడి చెయ్యి పట్టుకుంది. "అనుకోమంటాండా లేమ్మా, నిజంగా గాదు" అని మా అత్త ఆమెను కసిరి, అబ్బాయి వైపు తిరిగింది. "నిన్ను పెట్టెలో పండబెట్టి, పెట్టె యాడా ఒరగకుండా ఈ మలుపు తిప్పల్ల. ఎట్ల తిప్పుతావు?"

ఆ అబ్బాయి ఏ ఇంజనీరో, చేతులు చాచి గోడకూ గోడకూ మధ్య కొలుచుకున్నాడు. లోపలికి దూరి చూశాడు, బయటికి వచ్చి చూశాడు. "కుదరదు మేడం. నిలబెట్టాల్సిందే" అన్నాడు.

"ఆఁ. మమ్మల్ని నిలబెట్టే తీస్కపోతారు. ఇదీ ఈ కోట చరిత్ర. ఇంక పోయి ఫోటోలు తీస్కోపో."

వాళ్ళ సరదా పాడైపోయిందని నేను మందలిస్తే, "పాడు గానీ. మా మొగుని ప్రయాణం పాడు గాలేదా?" అన్నది. అదే లెక్క తన స్కూలు పిల్లలకూ చెప్పేది. మా వాడ పిల్లలని లేదు, పైవీధుల పిల్లలని లేదు, అందరినీ దిడ్డి దగ్గరికి తీసుకుపోయి అడిగేది.

ఊరి పెద్దాయన దగ్గరికీ పోయింది. ఆయనది పెద్దవాకిలి పక్కనే ఇల్లు. "టీచరమ్మా, బతికినోళ్ళు తిరగండి, ఎవరన్నా వొద్దన్నారా? శవం మటుకు కుదర్దు" అన్నాడాయన. "అయితే బతికుండంగనే పెట్టెలో పండుకోని వస్తా, పోనిస్తావా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఈమె నవ్వలేదు.

కానీ ఆమెకు ఎక్కువ జగడాలు మావాళ్ళతోనే. ఒక ఆదివారం ఆరాధన కాగానే చర్చిలోనే లేచి నిలబడింది. మా చిన్నాయన, "అక్కా, మన పెద్దోళ్ళందరూ దిడ్డిలోనే పోయినారు. వాళ్ళకు పరలోకం దొరకలేదా?" అన్నాడు.

"పరలోకం సంగతి దేవుడు జూస్కుంటాడు తమ్ముడా. ఊరు దాటేదాకానే నా గొడవ."

ఆడవాళ్ళు కూడా ఆమె మాట వినలేదు. "దిడ్డి మనది టీచరమ్మా, మన పెద్దల దోవ" అన్నారు. "మనదంట, మనది! మనకిచ్చినారా, మనల్ని దాంట్లోకి తోసినారా?" అని ఆమె అరిచిన అరుపుకు పాస్టరుగారు ప్రార్థన చేసి సభ ముగించేశారు. మావాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. చిన్న వాకిలిని ఎవరైనా మన మీదికి తోస్తే అది ఒక బాధ. దాన్నే మనది అని మురిసిపోతే ఇంక ఎవరు బాగుచేస్తారు?

ఫోను వచ్చిన మరునాడు నేను ఊరు చేరేసరికి ఊరి పెద్దాయన దండ తెచ్చి ఉన్నాడు. "మా ఊరికి చదువు చెప్పిన తల్లి" అని గొంతు బరువు చేసుకున్నాడు. తరవాత ఆయనే మా చిన్నాయన పక్కకు వచ్చి, మెల్లగా, "దిడ్డికాడ కంపంతా కొట్టించినాలే. దోవ శుభ్రంగా ఉంది" అన్నాడు. ఉపకారం చేసినట్టు! "సరే సామీ" అన్నాడు మా చిన్నాయన.

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాను నేను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, అదే నాకు ఇంకా మండింది. "పాపా, నువ్వు ఈ పొద్దు వచ్చి రేపు పోతావు. ఈడ బతకాల్సింది వీళ్ళు" అన్నాడు. ఆ మాట నిజమే. పొలాల పనులు ఆయనవే, బోరు నీళ్ళు ఆయనవే.

సాగనంపు కదిలింది. ముందు బైబిలు పట్టుకుని చిన్నాయన, వెనక పెట్టె మోస్తూ మా వాడ మగపిల్లలు, ఆ వెనక పాడుతూ ఆడవాళ్ళు. చావిడి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే దిడ్డి, కుడికి పోతే పెద్దవాకిలి. చిన్నాయన కాళ్ళు ఎడమకు తిరిగాయి.

"చిన్నాయనా!" అని అరిచాను. బస్సులో వస్తూ ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను. హక్కులు, చట్టాలు, సిగ్గులేదా అన్నవి, అన్నీ. ఒక్కటీ నోటికి రాలేదు. "ఆ పొద్దు మామ కాళ్ళదిక్కు పట్టుకునింది నువ్వే గదా. నీకు ఇనపల్యా?" అన్నాను.

పాట ఆగిపోయింది. మా చిన్నాయన వెనక్కు తిరిగి పెట్టె వైపు చూశాడు. "ఇనిపించింది పాపా. నా చేతుల్లోకే కొట్టుకున్యాడు మా బావ" అన్నాడు. బైబిలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కాళ్ళవైపు మోస్తున్న పిల్లవాణ్ణి తప్పించి, పెట్టె కింద తన భుజం పెట్టాడు. "తిప్పండ్రా. కుడికి" అన్నాడు.

పెద్దవాకిట్లో ఊరి పెద్దాయన అరుగు దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొందరు. "ఏందిది? నాతో చెప్పిందేంది, చేస్తాండేదేంది?" అన్నాడు. ఎవడో "రానియ్యొద్దు" అని కేక వేశాడు. మా చిన్నాయన పుట్టి బుద్ధెరిగిన తరవాత ఆయన్ని సామీ అనకుండా పిలిచింది లేదు.

"అప్పా, బరువుగా ఉంది. పక్కకు జరుగు" అన్నాడు.

పెద్దాయన జరగలేదు. పెట్టె ఆయనకు చేయి దూరంలో ఆగింది. అప్పుడు దిడ్డి మనదన్న ఆ ఆడవాళ్ళే మమ్మల్ని తోసుకుని ముందుకు వచ్చారు, ఆగిన పాట ఎత్తుకున్నారు. పెద్దాయన ఒకసారి ఆ ఆడవాళ్ళ వైపు, ఒకసారి బురుజు మీదికి చూశాడు. బురుజు మీద కోట చూడను వచ్చిన పట్నం పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆయన పక్కకు జరిగాడు. అది ఆయన మంచితనమని మాత్రం నేను రాయను.

మా అత్త పెద్దవాకిట్లోంచి పోయింది. కోట చుట్టూ తిరిగి, కొండ దిగి, మా మామ పక్కన మట్టి చేసి వచ్చేసరికి అందరికీ కాళ్ళు పీకేశాయి.

ఆ రాత్రి వాడలో ఎవరికీ నిద్ర లేదు. రేపటినుంచి పనులు ఉంటాయో లేదో అన్న భయం. అది ఇంకా తేలలేదు, ఇప్పటికీ. పొద్దున్నే నేను బ్యాగు తగిలించుకుని బస్సుకు బయలుదేరితే పెద్దవాకిట్లో బిందెలు కనిపించాయి. శుద్ధి చేస్తున్నారు. పసుపునీళ్ళు చల్లి, రాళ్ళను చీపురుతో రుద్దుతున్నది పెద్దాయన కోడలు. అదే ఊరి పిల్ల, మా అత్త దగ్గరే అఆలు నేర్చుకుంది. మామగారు అరుగు మీద కూర్చుని అజమాయిషీ చేస్తున్నాడు. నా నోట్లోకి ఎన్ని తిట్లు వచ్చాయో చెప్పలేను. ఆగలేదు, ఆమెను దాటి పోబోయాను.

ఆ పిల్ల నడుము ఎత్తలేదు, తల తిప్పలేదు. చీపురు చప్పుడు మాత్రం ఆపి, నాకు ఒక్కదానికే వినపడేటట్టు, "అక్కా, టీచరమ్మ పెట్టె యాడా ఒరగల్యా గదా?" అన్నది.

"ఒరగల్యా" అన్నాను.

తల ఊపింది. బిందెలో మిగిలిన పసుపునీళ్ళను వాకిట్లో చల్లకుండా, గోడవారగా ఉన్న జిల్లేడు మొదట్లో పారబోసింది.