భయం చెప్పి లోపలికి రండి

మొన్న ఉదయం మా అపార్టుమెంటు కింద ఎవరో కొత్త కారు కొనుక్కొని, దిష్టి తీయటానికి ఇంత ఉప్పూ గుప్పెడు ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశారు. ఆ ఘాటు రెండో అంతస్తులో ఉన్న మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చిందో లేదో, నేను కాళ్లకు చెప్పులైనా లేకుండా, చేతిలో ఉన్న నీళ్ల చెంబుతోనే మెట్లు దిగి పరుగెత్తి, ఆ నిప్పుల మీద నీళ్లు గుమ్మరించేశాను. శుభమా అని కారు కొనుక్కుంటే ఈ పెద్దావిడకేమొచ్చిందని వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఏదో సర్దిచెప్పి పైకి వచ్చి, వంటింటి కిటికీ మూసుకొని కూర్చున్నాను. నా ఈడువాళ్లకు చెప్పుకుంటే కాస్త తెరిపిగా ఉంటుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

పదేళ్లు దాటిన సంగతి. నేను తెలుగు టీచరుగా రిటైరైన కొత్త. మా చర్చి సంఘపెద్ద గారి అల్లుడు గుంటూరు శివార్లలో మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు షెడ్డు ఒకటి తీసుకొని, అందులో డ్రిల్లింగు మిషన్లూ, కోత మిషన్లూ, వెల్డింగు సామానూ పెట్టి, ఊళ్లో ఎవరైనా వచ్చి తమకు కావలసిన వస్తువు తామే చేసుకోవచ్చు, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు నేర్పాలి, అదొక్కటే షరతు అని ప్రకటించాడు. ఆయన దానికి మేకర్ స్పేస్ అని పేరు పెట్టి గేటు మీద బోర్డు కూడా రాయించాడు గానీ మేమంతా షెడ్డు అనే అనేవాళ్లం. మిల్లు మూసేసి ఎన్నేళ్లయినా దూలాల మీదనుంచి దూది నూగు ఇంకా రాలుతూనే ఉండేది, సాయంత్రానికి మా తలలన్నీ ఒకేసారి నెరిసేవి.

నేను అందులో చేరింది సరదా పడి కాదు, మా వదిన చేతుల కోసం. మా అన్నయ్య భార్య పెళ్లయి వచ్చిన దగ్గరనుంచీ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. కోల్డు స్టోరేజీల ముందు బరకాలు పరచుకొని, ఆడవాళ్లు వరసగా కూర్చొని, ఒక్కొక్క కాయకూ తొడిమ తుంచే పని అది. నేను టీచరు ట్రైనింగు చదువుకున్నది ఆవిడ తీసిన తొడిమల మీదే. ఆ పని చేసే మనిషి వేళ్లకు మంట ఎప్పటికీ పోదు. వదిన అన్నం చెంచాతో కలుపుకొనేది, కళ్లు తుడుచుకోవాలంటే మోచెయ్యి వాడేది, మనవరాలు ఏడుస్తుంటే దగ్గరకు తీసుకోకుండా ఇంకెవరినైనా పిలిచేది. అది చూసి చూసి, తొడిమ తీసే మిషను ఒకటి నా చేతులతో నేనే చేసి ఆవిడకు ఇవ్వాలని పంతం పట్టాను.

పంతం పట్టటం వరకూ బాగానే ఉంది గానీ, నేను మహా పిరికిదాన్ని. కుక్కరు విజిలు వేసే వేళకు పక్క గదిలోకి జారుకునే రకం. చిన్నప్పుడు అమ్మతో కారం పట్టించటానికి మిల్లుకు వెళితే, వరసలో నా ముందు నుంచున్న పిల్ల ఓణీ కొస బెల్టులో పడింది. మిల్లాయన స్విచ్చు తీసేలోగా ఓణీ మొత్తం లోపలికి పోయింది, ఆ పిల్ల మాత్రం దక్కింది. ఆ బెల్టు టపటపమన్న చప్పుడు నాకు ముసలితనం వచ్చినా వదల్లేదు. షెడ్డులో మొదటి మూడు నెలలూ నేను చేసిన పనల్లా దూది నూగు ఊడ్చటం, పనిముట్ల డబ్బాల మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి అతికించటం. గోడమీద ఇనప పిడి ఉన్న మెయిన్ స్విచ్చు దగ్గరికి వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

వెల్డింగు నేర్పే భాయి గారు, ఊళ్లో సగం ఇళ్లకు గేట్లు చేసిన మనిషి, నన్ను చూసి నవ్వేవారు. "టీచరమ్మా, మీరు పేర్లు రాస్తే సరిపోదండీ, పనిముట్లు కూడా మిమ్మల్ని గుర్తుపట్టాలి గదా" అని డ్రిల్లింగు మిషను ముందు నిలబెట్టి, కొంగు నడుముకు బిగించి దోపుకునేదాకా స్విచ్చు వేయనిచ్చేవారు కాదు. మొదటి రంధ్రం వేసిన రోజు నేను కళ్లు మూసుకున్నాను. ఆయన మిషను ఆపేసి, చెయ్యి తర్వాత పెట్టొచ్చు, ముందు చూపు పెట్టమన్నారు. అలా బతిమాలి, బెదిరించి, ఏడాదికి నా చేత రెండు రబ్బరు రోలర్ల మిషను చేయించారు. రోలర్లు లోపలికి తిరుగుతూ తొడిమను పట్టి లాగేస్తాయి, కాయ పైన జల్లెడలో ఉండిపోతుంది. అందరూ టీచరమ్మకు భయం పోయిందని చప్పట్లు కొట్టారు. నాకు భయం ఏమాత్రం పోలేదు, కానీ ఆ చప్పట్ల మధ్య ఆ మాట చెప్పటానికి సిగ్గేసింది. ఆ సిగ్గే నా కొంప ముంచింది.

చెమ్మగా ఉన్న కాయ రోలర్లలో నలిగిపోయేది. అందుకని వెనక గదిలో ఒక పాత ఇనప బీరువాను ఆరబెట్టే పెట్టెగా మార్చాను. కింద హీటరు చుట్ట, పక్కన వేడిగాలి తోసే ఫ్యాను, పైన ఇనప జాలీ, కాయలు జారి హీటరు మీద పడకుండా జాలీ మీద గోనెపట్టా. ఆ ఫ్యాను రెక్క ఒకటి వదులై టపటపమని కొట్టుకునేది, అచ్చం ఆ మిల్లు బెల్టు చప్పుడే. భాయి గారితో చెబితే ఒక్క మరమేకుతో సరిచేసేవారు. చెబితే, ఇంకా భయమేనా అంటారని చెప్పలేదు. భరించలేనప్పుడు ఎవరూ చూడకుండా ఫ్యాను మాత్రం ఆపి, కాసేపు బయట తిరిగి వచ్చి మళ్లీ వేసేదాన్ని.

ఆ రోజు షెడ్డుకు చెక్కను లేజరు వెలుగుతో కోసే కొత్త మిషను వచ్చింది. దానికి దిష్టి తీయాలని మా వదినను పిలిపించారు. వదిన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేది, దిష్టి మాత్రం పాస్టరు గారి చెవిన పడకుండా తీసేది. గుమ్మం బయట పెంకులో నిప్పులు పోసి మిరపకాయలు వేస్తే పెద్దగా ఘాటు రాలేదు. మావైపు దాని అర్థం అందరికీ తెలుసు, ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందన్నమాట. అయ్యో అయ్యో అనుకున్నారంతా. వదిన నిప్పులు ఆర్పి, పెంకు కడిగి బోర్లించి, భోంచేసి, నడుం వాలుస్తానని వెనక గదిలో గోనె సంచుల మీద పడుకుంది. కొత్త మిషను మోతకు నిద్రపట్టదని తలుపు కూడా వేసుకుంది. అంతకు ముందే నేను ఆ గదిలో ఫ్యాను ఆపి వచ్చాను. భోజనాల హడావుడిలో మళ్లీ వేయటం మరిచిపోయాను.

కాసేపటికి ఘాటు వచ్చింది. ముక్కులు ఎగబీలుస్తూ అందరూ సంతోషించారు. "ఇప్పుడొచ్చింది చూడండి, దిష్టంతా పోయింది" అన్నాడు సంఘపెద్ద గారి అల్లుడు, అంత చదువుకున్నవాడు. దగ్గుతూ నవ్వుకున్నాం, నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. చేతులు కడుక్కుందామని గుమ్మం బయటకు వెళితే బోర్లించిన పెంకు కనిపించింది. తడిసి, చల్లగా ఉంది. నిప్పే లేని చోటినుంచి ఘాటు ఎలా వస్తుంది?

వెనక్కి పరుగెత్తాను. లోపలికి వచ్చేసరికి వెనక గది తలుపు సందులోంచి పొగ సన్నగా వస్తోంది. నలభై ఏళ్లు మిరపకాయల మధ్య కూర్చున్న వదినకు ఆ ఘాటు నిద్రలో ఒక లెక్కా? మెయిన్ స్విచ్చుకు అందరికన్నా నేనే దగ్గరగా ఉన్నాను. దాని ముందు ఎంతసేపు నిలబడిపోయానో చెప్పలేను, చెయ్యి లేచింది గానీ ముందుకు పోలేదు. చివరికి రెండు చేతులతో ఆ పిడి పట్టుకొని, కళ్లు మూసుకొనే, కిందికి గుంజాను. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వదినా అని అరిచాను. భాయి గారు తడిగోనె కప్పుకొని తలుపు తన్ని లోపలికి వెళ్లి వదినను భుజాన వేసుకొని వచ్చారు. ఫ్యాను గాలి లేక బీరువాలో గోనెపట్టా హీటరు వేడికి కాలి, కాయలు చుట్ట మీద పడి మాడుతున్నాయి. పక్కనే మూలన మిల్లు కాలంనాటి దూది కుప్ప ఉంది, ఇంకాస్త ఆలస్యమైతే షెడ్డు కూడా ఉండేది కాదు.

వదిన నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊపిరి మాత్రం ఎప్పటికీ మునుపటిలా కాలేదు, నాలుగు మాటలకొకసారి ఆగేది. ఫ్యాను ఆపింది నేనేనని అందరి ముందూ ఒప్పుకొని, షెడ్డు తాళంచెవి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాను. నెల తిరక్కుండా వదిన ఆటోలో మా ఇంటికి వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా నన్ను కడిగేసింది. "నువ్వు భయపడ్డందుకు కాదు అమ్మాయ్ నేను చావబోయింది. భయంగా ఉందని చెప్పనందుకు. ఆ చప్పుడు పడదని ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? లే, పద" అంది.

వెళ్లాను. ఆ రోజునుంచి షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని వదిన కూర్చునేది. నా రోలర్ల మిషనుకు తొడిమలు వదిలేశాక ఆవిడకు చేతి నిండా తీరిక. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ, సంఘపెద్ద గారి అల్లుడితో సహా, ఇవాళ దేనికి భయమని అడిగి, జవాబు చెప్పేదాకా కదలనిచ్చేది కాదు. మొదట్లో అందరూ వేళాకోళం చేశారు. తర్వాత్తర్వాత నిజాలు చెప్పటం మొదలుపెట్టారు. గేట్లు చేసి చేసి చెయ్యి తిరిగిన భాయి గారు, తన చూపు ఈమధ్య మసకబారుతోందని, కోత మిషను దగ్గర భయమేస్తోందని ఒకరోజు ఆ గుమ్మంలోనే మొదటిసారి చెప్పుకున్నారు. మేమంతా ఆయన కోత పని పంచుకున్నాం.

వదిన పోయి రెండేళ్లయింది. పోయేనాటికి ఆవిడ వేళ్లు మెత్తబడ్డాయి, మనవరాలికి తన చేత్తో అన్నం కలిపి పెట్టింది. షెడ్డు ఇప్పుడు పెద్ద భవనంలోకి మారింది. అద్దాల తలుపులు, గోడ నిండా జాగ్రత్తల పట్టికలు, ఫోనులో సంతకం పెడితే తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. పిల్లలు చకచకా ఎంతెంత పనులో చేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. పోయిన నెల వెళితే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, మీకు ఏ మిషను వచ్చు మేడమ్ అని అడిగింది. వచ్చినవన్నీ చెప్పాను. ఆ అమ్మాయి రాసుకొని, లోపలికి వెళ్లండి అంది. కానీ నేను గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను. నాకు ఇప్పటికీ అన్నిటికీ భయమే, వదిన ఉంటే చెప్పి లోపలికి వెళ్లేదాన్ని.