బ్రహ్మాండం గారి చిగుళ్లు

సైన్యంలో పనిచేసి వచ్చిన ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ బ్రహ్మాండం గారనే పిలిచేవారు. ఎలా ఉన్నారని ఎవరడిగినా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే. చిగుళ్లు వాచి చీము కారుతున్నా, రొట్టెను టీలో నానబెట్టుకుని మింగుతున్నా బ్రహ్మాండమే. కిందటిసారి వైకల్య పరిహారం కోసం వైద్యుల బోర్డు ముందుకెళ్లి, నోరు తెరవమనేలోపే ఛాతీ విరుచుకుని "బ్రహ్మాండంగా ఉంది సార్!" అనేసి వచ్చాడు. దరఖాస్తు తిరగ్గొట్టారు. అంత ఘనకార్యం చేసొచ్చిన మనిషికి ఇంట్లో ఎలాంటి సన్మానం జరిగిందో వేరే చెప్పాలా?

ఈసారిదే ఆఖరి అవకాశం. అందుకే భార్య వెంట వచ్చింది.

"నొప్పి ఉందా?" అంది బోర్డులోని డాక్టరమ్మ.

"అబ్బే, బ్రహ్మాండం."

భార్యకు ఒళ్లు మండింది. సంచిలోంచి పచ్చి జామకాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అయితే ఇది కొరకండి. ఇంటికి పోదాం."

మహానుభావుడు పరువు కోసం కొరికాడు. ముందుపన్ను జామకాయలోనే ఉండిపోయింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ దూది అందించింది. "ఎప్పట్నించి ఇలా?"

"సరిహద్దులో ఉన్నప్పట్నించి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

ఆయన తల దించుకున్నాడు. "నాతో ఉన్న స్నేహితుడికి అక్కడే కాలు పోయిందమ్మా. వాడి పక్కన కూర్చుని చిగుళ్లు నొప్పంటే ఏం బాగుంటుంది?"

జబ్బు ఉద్యోగంలోనే మొదలైందని రుజువు కావాలి, ఆసుపత్రి చీటీ లేకపోతే చూసినవాళ్లెవరైనా చెప్పాలి అంది డాక్టరమ్మ. చూసినవాడు ఒక్కడే. కాలు పోయినవాణ్ణి పళ్ల కోసం సాక్ష్యం అడగడమా అని ఈయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు. భార్యకు అలాంటి మొహమాటాలేమీ లేవు. అక్కడికక్కడే ఆ స్నేహితుడికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"అన్నయ్యా, మీ స్నేహితుడి చిగుళ్ల సంగతి మీకేమైనా తెలుసా?"

అవతల పకపకా నవ్వు. "తెలీకపోవడమేంటమ్మా! నన్ను వీపున వేసుకుని కొండ దిగుతూ దారంతా నెత్తురు ఉమ్ముతూనే ఉన్నాడు. శిబిరంలో అందరూ అది నా కాలిదే అనుకున్నారు. నేను చెప్పబోతే నోర్మూసుకోరా అన్నాడు. ఇన్నేళ్లూ మూసుకునే ఉన్నాను. ఇప్పుడు చెప్పొచ్చో లేదో వాణ్ణే అడుగు."

ఆయన నోటినిండా దూది. ఏడుపు ముంచుకొస్తుంటే తల మాత్రం ఊపాడు. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఫోను డాక్టరమ్మ వైపు జరిపింది.

"చెప్పండన్నయ్యా. రాసుకుంటున్నారు."