హౌరాలో రెండో ట్రయలు

పోలిరాజు జన్మలో ఏ పనీ ఒక్కసారి చేసి ఊరుకున్నవాడు కాడు. మొదటిసారి చేసేది ట్రయలు. రెండోసారి చేసేది పని. మనలాంటివాళ్ళం వచ్చిన రోజును వచ్చినట్టు ఒక్కసారే బతికి సరిపెట్టుకుంటాం. పోలిరాజు ముఖ్యమైన రోజులన్నీ రెండేసిసార్లు బతికాడు. పక్కగదిలో అద్దెకున్న పాపానికి ఆ రెండింటిలోనూ నాకు వేషం ఉండేది.

ఈ గుణం అతనికి ఖిదిర్‌పూర్ డాక్‌లో అబ్బింది. మీసం మొలవకముందే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, క్రేను కింద సిగ్నల్ మనిషిగా కుదిరాడు. ఓడ గర్భంలో ఏముందో పైన కూర్చుని క్రేను నడిపేవాడికి కనపడదు. కింద నిలబడి చేత్తో సైగ చేసేవాడే వాడికి కళ్ళు. పోలిరాజు ఏ బరువునూ ఒక్క ఊపున లేపనిచ్చేవాడు కాడు. జానెడు లేపించి, పిడికిలి బిగించి ఆపించి, చుట్టూ తిరిగి, తాడు జారుతోందా, సరుకు ఒరుగుతోందా అని చూసి, అప్పుడు వేలు పైకి చూపించేవాడు. అతని కింద ఏనాడూ ఒక్క మూట జారి ఎవరి కాలిమీదా పడలేదు. డాక్‌లో ఇది మంచి పద్ధతి. ఇంట్లో కూడా ఇదే పద్ధతి నడిస్తే ఎలా ఉంటుందో ఈ లోకంలో అతని భార్య అప్పమ్మకూ, నాకూ మాత్రమే తెలుసు.

అప్పమ్మకు పెళ్ళికి ముందురోజే తెలిసింది. పోలిరాజు పందిరి రాటకు పసుపుతాడు చుట్టి, మూడు ముళ్ళూ వేసి, బలంగా లాగి చూశాడట. ముడి జారలేదు, రాట కదల్లేదు. పురోహితుడు మాత్రం నిర్ఘాంతపోయి, శాస్త్రప్రకారం ఈ రాట ఇప్పుడు పెళ్ళికూతురికి ఏమవుతుందని ఆలోచనలో పడ్డాడట.

"ఏటవుద్ది, సవితవుద్ది," అంటుంది అప్పమ్మ ఇప్పటికీ. "నాకంటే ఒక్కరోజు పెద్దది."

ఆ రోజుల్లో కలకత్తాలో సాయంత్రమైతే కరెంటు పోయేది. పోయేముందే పోలిరాజు తానే దీపాలార్పి, లాంతరూ అగ్గిపెట్టే చేతికందుతున్నాయో లేదో చూసుకునేవాడు. ఊరందరికీ ఒక చీకటి, మా ఇళ్ళ వరసకు రెండు.

అతని మేనమామ గవరయ్య ఒకసారి బాగా జబ్బుపడితే, డాక్టరు పెదవి విరిచాడు. మా మెట్లు ఇరుకు. పాడె తిరుగుతుందో తిరగదో ముందే చూసుకోవడం మంచిదని పోలిరాజుకు తోచింది. ఒడ్డూ పొడుగూ సరిపోతానని దానిమీద నన్ను పడుకోబెట్టారు. పోర్టు ఆఫీసులో గుమస్తాను, పట్టభద్రుణ్ణి, ప్రాణం ఉండగా నలుగురి భుజాలమీద మెట్లు దిగాను. మలుపు దగ్గర తన గది కిటికీలోంచి గవరయ్య నన్ను చూశాడు. నన్ను చూసి, నా వెనక చెయ్యెత్తి సైగలు చేస్తున్న మేనల్లుణ్ణి చూసి, ఆ కోపంతో మంచంమీద లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకోలేదు. తర్వాత చాలాకాలం బతికి, బతికినన్నాళ్ళూ పోలిరాజుతో మాట్లాడలేదు.

ఇటువంటి మనిషి కొడుకు మిలిటరీకి ఎంపికయ్యాడు.

కుర్రవాడి పేరు గురువులు. పరుగులో వాణ్ణి అందుకున్నవాడు లేడు, ఛాతీ కొలతకు టేపు చాల్లేదు. శిక్షణకు జబల్‌పూర్ రమ్మని కాగితం వచ్చింది. లోపం ఒక్కటే. ఎవరైనా గొంతు పెంచితే వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పగలంతా చేతులతో మాట్లాడే తండ్రి ఇంట్లోనూ చేతి సైగలతోనే కోప్పడేవాడు. అరుపంటే ఏమిటో ఎరగకుండా పెరిగిన పిల్లవాడు. మా వరసలోనే ఉండే దేముడనే అతని కొడుకు ఇదివరకు ఇలాగే వెళ్ళి, అక్కడి అరుపులకు తాళలేక నెల తిరక్కుండా పారిపోయి వచ్చాడు. ఇప్పుడు సైకిళ్ళకు పంక్చర్లు వేస్తున్నాడు. వాణ్ణి వీధంతా 'మేజర్‌గారు' అంటారు. వాడి దగ్గర గాలి కొట్టించుకునేవాళ్ళు కూడా సెల్యూట్ చేసి కొట్టించుకుంటారు.

గురువులు కూడా అలా తిరిగి వస్తే వేరే దారి లేదు. డాక్‌లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఏనాడో మానేశారు. బడ్జ్ బడ్జ్ వైపు జూట్ మిల్లులు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. కాబట్టి పోలిరాజు గంభీరంగా నిర్ణయించాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ రోజూ తెల్లవారగానే పంపు దగ్గర చేరి తన కొడుకును తిట్టాలి. హిందీ ఇంగ్లీషులు వచ్చినవాణ్ణి గనక నాకు హవల్దారు వేషం ఇచ్చాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఓయీ, నీవు నిలబడిన తీరు మిక్కిలి శోచనీయముగా నున్నది," అన్నాను.

"అవును బాబూ," అన్నాడు గురువులు, కళ్ళనిండా నీళ్ళతో.

"తిట్టండి మూర్తిబాబూ అంటే తద్దినం మంత్రాలు సదువుతారేటి," అన్నాడు పోలిరాజు.

తర్వాతి వంతు ఎదురింటి కామాక్షమ్మది. వాడు పుట్టినప్పుడు తొలి నీళ్ళు పోసిన ముసలమ్మ. ఆమె కొంగు బిగించి ముందుకు వచ్చి, "ఓరి నీ దుంపతెగ, అన్నం తిన్నావేట్రా నాయనా?" అంది. మిలిటరీలో అలా అడగరని పోలిరాజు సౌమ్యంగా చెప్పాడు. అన్నం తిన్నావా అని అడగనివాళ్ళ దగ్గరికి గుంటణ్ణి ఎందుకు పంపుతున్నావని ఆమె పోలిరాజును తిట్టిన తిట్లే ఆ ఉదయానికంతటికీ చెప్పుకోదగ్గవి.

పట్టుదల గొప్పది. నాలుగు రోజుల్లో మా గొంతులు లేచాయి. ఊరేగింపు ఏదో బయల్దేరుతోందనుకుని పార్టీ ఆఫీసు నుంచి ఒకాయన జెండాతో సహా పరుగెత్తుకొచ్చి, "ఏం డిమాండు, దాదా?" అని బెంగాలీలో అడిగాడు. డిమాండు ఏమీ లేదు, ఒక కుర్రవాణ్ణి తిడుతున్నామని చెప్పాం. ఆయన నిర్ఘాంతపోయాడు. ఇంత క్రమశిక్షణ తమ శాఖలోనే లేదని విచారిస్తూ వెళ్ళిపోయాడు. గురువులు కళ్ళు మెల్లిగా ఆరాయి. తర్వాత వాడు రెప్ప కూడా వేయకుండా నిలబడడం నేర్చుకున్నాడు. చివరికి నా తిట్లకు నవ్వు ఆపుకోవడం ఒక్కటే వాడికి మిగిలిన కష్టం.

ఇక మిగిలింది రైలెక్కడం. దానికీ ట్రయలు కావాలి కదా. ఒక సాయంత్రం వరసంతా హౌరా స్టేషనుకు తరలింది. అందరికీ ప్లాట్‌ఫారం టిక్కెట్లు, ఆకుపచ్చ రంగు వేసిన ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, డబ్బానిండా పులిహోర. ఆగి ఉన్న జబల్‌పూర్ బండిలో సామాను పెట్టించి, ఇప్పుడు ఇదంతా దింపాలని పోలిరాజు కూలీతో అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా హౌరాలో మూటలు మోస్తున్న ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది.

పోలిరాజు పెట్టె గడియ పరీక్షించాడు. పరుపు తాడు లాగి చూశాడు. కొడుకును కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూశాడు. భార్యను పరీక్షించాలని అతనికి తోచలేదు.

గురువులు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అప్పమ్మ ఏడ్చింది అంటే తక్కువ చేసి చెప్పినట్టే. కాకినాడ మీదికి వచ్చే తుపానులకైనా ముందు హెచ్చరిక ఉంటుంది. ప్లాట్‌ఫారం ఆ చివర టీ అమ్మేవాళ్ళు అమ్మకం ఆపారు. పక్క పెట్టెలోంచి ఒక పెద్దమనిషి దిగి వచ్చి, పోయినవారి వయసెంత అని నన్ను మెల్లగా అడిగాడు.

గురువులు ట్రంకుపెట్టె భుజాన వేసుకుని దిగిపోయాడు.

"నానెల్నయ్యా," అన్నాడు.

"ఒరే, ఇది ట్రయలేరా," అన్నాడు పోలిరాజు.

"ట్రయలుకే ఇలగుంటే, నిజంగా ఎల్లినప్పుడు అమ్మ బతుకుద్దేటి? నానెల్ను."

అందరం బస్సెక్కి తిరిగొచ్చాం. అందరిలోకీ ఎక్కువ బిత్తరపోయింది అప్పమ్మే. తన ఏడుపు కొడుకు బతుకుకు అడ్డం పడుతుందని ఆమె కలలోనైనా అనుకోలేదు. ఇక చుక్క కన్నీరు రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు వాడు గోళ్ళు తీసుకుంటుంటే చూసి ఏడ్చింది. వాడు చెప్పులు వేసుకుంటే ఏడ్చింది. వాడు ఆమెను చూసి, జబల్‌పూర్ కాగితాన్ని మడిచి పెట్టె అడుగున తోసేశాడు.

పోలిరాజు రెండు రోజులు గుమ్మంలో కూర్చుని బీడీలు కాల్చాడు. మూడోరోజు నాతో అన్నాడు: "సరుకు గట్టిదే మూర్తిబాబూ. తాడూ గట్టిదే. ఒకవేపుకి ఒరిగిపోతంది. ఇప్పి మళ్ళీ కట్టాల."

ఆ సాయంత్రం అతను వరసంతటికీ కబురు చెప్పాడు. కాగితంలో రాసిన మంగళవారం ప్రయాణాన్ని మిలిటరీవాళ్ళు ఆ పై మంగళవారానికి వాయిదా వేశారట. ట్రాము నుంచి జీతం దాకా అన్నీ వాయిదా పడే ఊళ్ళో ఈ మాటను అనుమానించినవాడు లేడు. వ్యవధి చిక్కింది గనక ఈ మంగళవారం హౌరాలో ఇంకొక ట్రయలు ఉంటుందన్నాడు. వరసంతా ఒక్కసారిగా మూలిగింది. కానీ పోలిరాజు ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. ఈసారి టీలు తన ఖర్చేనన్నాడు. వెళ్ళాం.

అప్పమ్మ బియ్యం ఏరుతున్నది ఏరుతున్నట్టు వదిలి, వంటింటి చీరతోనే వచ్చింది. చేతిలో ఖాళీ డబ్బా. ట్రయలుకు పులిహోర ఎందుకు, చింతపండు దండగ అంది. బస్సెక్కేటప్పుడు ఆ డబ్బా పోలిరాజు పట్టుకున్నాడు.

స్టేషన్లో నా మనసు నొచ్చుకునే విషయం ఒకటి జరిగింది. రైలుపెట్టె తలుపు దగ్గర నిజమైన మిలిటరీ దుస్తుల్లో, నాకు ఈ జన్మకు రాని మీసంతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. లోపల నున్నగా క్షవరం చేయించుకున్న కుర్రాళ్ళు నలుగురైదుగురు. నా వేషం నాకు చెప్పకుండా వేరొకరికి ఇచ్చేసి, తోడు వేషగాళ్ళను కూడా కుదిర్చాడని నాకు అర్థమైంది. ఆ మనిషి గురువులు పేరు పిలిచిన పిలుపుకు పైకప్పులోని పావురాలు లేచాయి. గురువులు రెప్ప వేయలేదు. "హాజిర్ సాబ్," అన్నాడు. నా శిష్యుడు రాణించాడని కొంత సంతోషించాను. ఆ మనిషి నాకంటే బాగా చేశాడని ఒప్పుకోక తప్పలేదు.

గురువులు అందరి కాళ్ళకూ దణ్ణం పెట్టాడు. తల్లి దగ్గర వంగి, లేవడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

"వొచ్చేవారం ఎలాగా పెడతావు కదరా, రెండు మాట్లెందుకు, నడుం పట్టీగల్దు," అంది అప్పమ్మ.

"ట్రయలే కదమ్మా," అన్నాడు వాడు.

వాడు కిటికీ దగ్గర కూర్చున్నాక, ముసలి కామాక్షమ్మ ఊచల్లోంచి వాడి చెవి పట్టుకుని, తనకు వచ్చిన ఏకైక మిలిటరీ తిట్టు తిట్టింది. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. అప్పమ్మ పెద్దగా ఆవలించింది. టీలో పాలు తక్కువని అమ్మేవాడితో పోట్లాటకు దిగింది. బండి కూసింది. కదిలింది. మేము హుషారుగా చేతులు ఊపాం. కుర్రవాడు తలుపు దాకా వచ్చి దూకుతాడు కాబోలు అనుకున్నాం.

అప్పమ్మ టీ గ్లాసుతో ఇటు తిరిగింది.

"ఏటయ్యా, బండెల్లిపోతంది."

"ఎల్లిపోనీ."

"గుంటడు దిగనేదు."

"దిగడు," అన్నాడు పోలిరాజు. "ఇది ట్రయలు కాదే. ఎల్లడమే."

వాయిదా అబద్ధం. తండ్రికీ కొడుకుకీ తప్ప ఎవరికీ తెలియదు.  ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నేను మెచ్చుకున్న ఆ మీసం నిజంగా హవల్దారుదే అని అప్పుడు నాకు తెలిసింది. ఈసారి తప్పదనుకున్న తుపాను కోసం అందరం అప్పమ్మ ముఖంకేసి చూశాం.

"కాలీ డబ్బా ఇచ్చి పంపీసినాను కదయ్యా," అంది ఆమె.

"కాలీ కాదు. పొద్దున్నే కచోరీలు కొనుంచి, బస్సులో నింపీసినాను."

"కచోరీలా?" అంది అప్పమ్మ. గురువులుకు చిన్నప్పటినుంచీ నూనె వస్తువు పడదు. ఆ సంగతి తెలియని తండ్రి ఒక తండ్రేనా అన్న విషయం మీద ఆమె ప్లాట్‌ఫారం పొడుగునా, మెట్లమీదా, బస్సు స్టాండు దాకా మాట్లాడింది. పోలిరాజు తలవంచుకుని విన్నాడు. వెనక నడుస్తున్న నాకు మెల్లమెల్లగా అసలు సంగతి తెలిసివచ్చింది. కుర్రవాడు కిటికీలోంచి చివరగా చూసింది ఏడుస్తున్న తల్లిని కాదు, ఆవలిస్తున్న తల్లిని. ఏడ్చే తల్లిని వదిలి వెళ్ళడానికి గుండె రాయి కావాలి. ఆవలించే తల్లిని వదిలి ఎవడైనా వెళ్ళగలడు.

బస్సులో భార్యాభర్తలు ముందు సీట్లో కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక. 

"బండి కదిలేతలికి నాను టీవోడి మీద పడున్నాను," అంది చివరికి అప్పమ్మ. "గుంటడి మొకం సూడనేదు. నవ్వుతున్నాడా?"

"నవ్వుతున్నాడు."

"నువ్వో?"

"నానూ నవ్వినాను."

ఆమె ఆలోచించింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. "నిజంగానా, ట్రయలా?" అని అడిగింది.

"ఆడిది నిజమే," అన్నాడు పోలిరాజు. "నాదే ట్రయలు."

అప్పమ్మ అతనివైపు జరిగి, వంటింటి చీర కొంగు అతని చేతిలో పెట్టింది. "రేపు డూటీ నుంచి బేగొచ్చీ," అంది. "ఇద్దరం కలిసి ఏడుద్దాం." పోలిరాజు తలూపాడు. ఊపుతూనే అతని భుజాలు కదలడం చూసి ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పుడే మొదలెట్టీకు. ఎనకాతల మూర్తిబాబున్నారు."

నేను వెంటనే కిటికీలోంచి, నదిమీద ఎన్నేళ్ళుగానో పూర్తికాకుండా వేలాడుతున్న కొత్త వంతెనకేసి, అది ఆ రోజే మొలిచినంత ఆశ్చర్యంగా చూడడం మొదలుపెట్టాను.